ఆ ఇరవై సెకన్లు పోయింది పట్టుదల లేక కాదు

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2023లో ఎస్సై ఈవెంట్స్‌కి, అంటే దేహదారుఢ్య పరీక్షలకి, వెళ్తే 1600 మీటర్ల పరుగుకు 8 నిమిషాల 24 సెకన్లు పట్టింది. 2025 జనవరిలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 8 నిమిషాల 20 సెకన్లు. కావాల్సింది 8 నిమిషాలు. రెండుసార్లూ ప్రిలిమ్స్, అంటే మొదటి రాత పరీక్ష, దాటావు, రెండుసార్లూ గ్రౌండ్‌లోనే పోయింది. చివరి రౌండ్‌లో కళ్ళు బైర్లు కమ్మేదాకా పరుగెత్తానన్నావు. ఇంటికొచ్చాక నాన్నగారు "నీకు పట్టుదల లేదురా" అన్నారు. ఆ మాట నిజమేనా, పట్టుదల పెంచుకోవాలంటే ఏం చేయాలి అని అడిగావు.

నాది విజయనగరం జిల్లా. కుర్రతనంలో 5000 మీటర్లు పరుగెత్తేవాణ్ణి. ఉద్యోగం చేసుకుంటూనే 22 ఏళ్లుగా తెల్లవారుజామున ఒక కాలేజీ గ్రౌండ్‌లో పోలీసు, ఆర్మీ సెలక్షన్లకు వెళ్ళే పిల్లలకు పరుగు నేర్పుతున్నాను. నీలాంటి వాళ్ళను వందల మందిని చూశాను. అందుకే ముందుగా ఒక మాట చెబుతాను, దీన్ని ఓదార్పు అనుకోవద్దు. కళ్ళు బైర్లు కమ్మేదాకా పరుగెత్తినవాడికి పట్టుదల లేకపోవడమేమిటి? నీకు ఉంది. దాన్నంతా తీసుకెళ్ళి చివరి రెండు నిమిషాల్లో పోశావు. అక్కడ దానికి చేయగలిగింది చాలా తక్కువ.

నువ్వే రాసిన అంకెలు చూద్దాం. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు వారం ముందు ప్రాక్టీస్‌లో నీ ఫ్రెండ్ టైమ్ నొక్కాడన్నావు. మొదటి రౌండ్ 1 నిమిషం 32 సెకన్లు, రెండోది 2:02, మూడోది 2:22, నాలుగోది 2:24. మొత్తం సరిగ్గా 8:20. అంటే 400 మీటర్లు ఒకటిన్నర నిమిషంలో పరుగెత్తగల కాళ్ళు నీకున్నాయి. 8 నిమిషాల్లో నాలుగు రౌండ్లు అంటే రౌండ్‌కు 2 నిమిషాలు. మొదటి రౌండ్‌లో 28 సెకన్లు మిగిల్చానని నువ్వు అనుకున్నావు. నిజానికి అక్కడే అప్పు చేశావు, మూడు, నాలుగు రౌండ్లలో వడ్డీతో సహా కట్టావు. నీ ఒంటికి గాలి అందించే శక్తి ఎంతుందో, అంతకు మించిన వేగంతో మొదలుపెడితే రెండు నిమిషాలు తిరక్కుండానే తొడలు, పిక్కలు బరువెక్కిపోతాయి. ఆ తర్వాత ఎంత గట్టిగా అనుకున్నా కాళ్ళు లేవవు.

ఇప్పుడు ఇంకొకాయన అంకెలు చూడు. 1954 మే 6న ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ అనే వైద్య విద్యార్థి ఒక మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. మైలంటే 1609 మీటర్లు, నీ పరుగుకన్నా తొమ్మిది మీటర్లు ఎక్కువ, అంతే. అంతకు ముందు ఎవరూ నాలుగు నిమిషాల లోపు ఆ దూరం పరుగెత్తలేదు. పాత రికార్డు 4:01.4, అది 1945 నుంచి అలాగే నిలబడి ఉంది. బానిస్టర్ నాలుగు రౌండ్లు 57.5, 60.7, 62.3, 58.9 సెకన్లు. అన్నిటికన్నా వేగమైన రౌండ్‌కూ అన్నిటికన్నా నెమ్మదైన రౌండ్‌కూ తేడా ఐదు సెకన్లు కూడా లేదు. నీకు ఆ తేడా 52 సెకన్లు.

ఆయన వేగంతో నిన్ను పోల్చడం నా ఉద్దేశం కాదు, నేను చూపించేది ఆ నిగ్రహాన్ని. ఆ రోజు పరుగు మొదట్లో బానిస్టర్‌కు ఒంట్లో ఎంత ఊపుందంటే, ముందు పరుగెత్తి వేగం చూపిస్తున్న స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌ను ఇంకా వేగంగా వెళ్ళమని అరిచాడు. బ్రాషర్ వినలేదు, అనుకున్న వేగంతోనే వెళ్ళాడు. అతను ఆ మాట విని ఉంటే రికార్డు చేజారిపోయేదని బానిస్టరే తర్వాత ఒప్పుకున్నాడు. ఊపు ఉన్నప్పుడు ఆపుకోవడం, ఊపు లేనప్పుడు కదలడం, ఈ రెండూ పట్టుదలే. మనం రెండోదాన్ని ఒక్కదాన్నే ఆ పేరుతో పిలుస్తాం.

బానిస్టర్ కథలో నేను పిల్లలకు ప్రతి ఏడాదీ చెప్పే సంగతి ఇంకొకటుంది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో 1500 మీటర్లలో పతకం ఆయనదే అని అందరూ అనుకున్నారు. నాలుగో స్థానం వచ్చింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పరుగు వదిలేద్దామని కూడా అనుకున్నాడు. తర్వాత ఇంకో రెండేళ్లు ప్రయత్నిద్దామని నిర్ణయించుకున్నాడు. వైద్యం చదువు నడుస్తోంది కాబట్టి రోజంతా పరుగెత్తే వీల్లేదు. మధ్యాహ్నం భోజనం వేళలో దొరికిన కాస్త సమయంలోనే సాధన. చలికాలంలో అసలు పని మొదలైంది. 400 మీటర్లకు కాస్త ఎక్కువుండే పావు మైలు రౌండ్లు పది, మధ్యలో రెండు నిమిషాల విరామం. డిసెంబర్‌లో ఒక్కో రౌండ్‌కు 66 సెకన్లు పట్టేది. నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ ఏప్రిల్‌కి 61కి వచ్చాడు. కావాల్సింది 60. అక్కడ ఆగిపోయింది. ఎంత కష్టపడినా 61 దగ్గరే.

మన గ్రౌండ్‌లో అయితే ఏం చేస్తాం? "ఇంకా గట్టిగా కొట్టు" అంటాం. ఆయన, బ్రాషర్ కలిసి స్కాట్లండ్ కొండలకు వెళ్ళిపోయారు. కొన్ని రోజులు పరుగు ఊసే లేదు, కొండలెక్కారు. తిరిగొచ్చి కాస్త విశ్రాంతి తీసుకుని మళ్ళీ పరుగెత్తితే రౌండ్ 59 సెకన్లు. ఇది మంత్రం కాదు. నెలల తరబడి చేసిన శ్రమ ఒంట్లో పోగుపడి ఉంది. అలసట దాన్ని కప్పేసింది. విశ్రాంతి దొరకగానే అది బయటికొచ్చింది. ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, నీ ఉత్తరంలో "ఈవెంట్స్ డేట్ ఇచ్చాక 25 రోజులు ఒక్క రోజు కూడా మానకుండా ఫుల్ స్పీడ్‌లో 1600 కొట్టాను" అనే వాక్యం ఉంది. నువ్వు దాన్ని గర్వంగా రాశావు. నాకు మాత్రం చదవగానే గుండె కలుక్కుమంది. రోజూ పరీక్ష రాశావు, చదువుకున్న రోజు ఒక్కటీ లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1994లో యూనివర్సిటీ సెలక్షన్లకు తయారవుతున్నాను. మోకాలి కింద ముందు ఎముక మీద నొప్పి మొదలైంది, మీరంతా షిన్ పెయిన్ అంటారే, అదే. ముందు పరుగు మొదట్లో ఉండి తర్వాత తగ్గిపోయేది. తర్వాత పరుగంతా ఉండేది. ఆపైన రాత్రి పడుకున్నా సలుపు. నాకు నేర్పించే పెద్దాయన "నొప్పిని తొక్కుకుంటూ పోవాలి, అదే పట్టుదల" అన్నారు. మూడు వారాలు తొక్కాను. ఒక ఉదయం ఆ కాలు నేల మీద పెట్టలేకపోయాను. ఎముకలో సన్నటి చీలిక వచ్చింది. ఆ సీజన్ పోయింది, మరుసటి ఏడాది కూడా పాత వేగం రాలేదు. ఆయన నా మేలు కోరే అన్నారు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ నా దగ్గరికి వచ్చే ఏ పిల్లాడికీ ఆ మాట చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను.

కొత్తగా పరుగు మొదలుపెట్టిన నెలలోపే చాలామందికి కాళ్ళనొప్పులెందుకు వస్తాయో తెలుసా? గుండె, ఊపిరితిత్తులు, కండలు త్వరగా అలవాటు పడతాయి. రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది, హుషారు వస్తుంది. ఎముకలు, వాటిని కండలకు కలిపే నరాల్లాంటి పట్టీలు గట్టిపడటానికి నెలలు కావాలి. ఊపిరి సరేనంటుంది, ఎముక ఇంకా సిద్ధంగా ఉండదు. ఆ మధ్య కాలంలో ఉత్సాహపడ్డవాడే దెబ్బ తింటాడు. కాబట్టి నొప్పి ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగేలా ఉంటే, నొక్కితే ప్రాణం పోయేలా ఉంటే, ఆ రోజే ఆపు. ఎముకల డాక్టర్‌కు చూపించు. కండ పట్టేసిన నొప్పి అలా ఉండదు, అది రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఇంకొక మాట, ఇది మరీ ముఖ్యం. పరుగెత్తుతుంటే ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా గుండె ఆగి చనిపోయి ఉన్నా, ముందు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఈవెంట్స్‌లో కుప్పకూలి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు మనం చదివాం. ఆ రోజు ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, ఎనర్జీ డ్రింకులు దగ్గరికి రానివ్వకు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన ఒక సంగతికి వస్తాను. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగాయి. ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబర్ 30న. దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఏం చేశావంటే "డేట్ రాలేదు కదా అని ఆగాను" అన్నావు. నీ 20 సెకన్లు అక్కడ పోయాయి బాబూ, చివరి రౌండ్‌లో కాదు. తప్పు పట్టడం లేదు. తేదీ తెలియని పరీక్షకు తయారవడం లోకంలోకెల్లా కష్టమైన పని. ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అంటారు, వాయిదా అంటారు, కేసు అంటారు. ఇంట్లో అప్పులుంటాయి. తోటివాళ్ళు హైదరాబాద్, బెంగళూరు వెళ్ళి ఏదో ఒక పనిలో కుదురుకుంటారు. అలాంటప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పరుగెత్తడానికి కారణం కనబడదు. పట్టుదల అనే మాటకు అసలైన పని అక్కడే ఉంది. చూసేవాళ్ళు లేరు, చప్పట్లు లేవు, తేదీ లేదు, ఫలితం ఇంకా రాలేదు. అయినా మంగళవారం ఉదయం అరగంట నెమ్మదిగా పరుగెత్తి వచ్చావా లేదా అన్నదే లెక్క.

ఉడుంపట్టు అంటాం కదా. ఉడుము గోడను పట్టుకుంటే వదలదు. దానికి గోళ్ళు గోడలో దిగి ఉంటాయి, అందుకే బరువు లాగుతున్నా నిలబడుతుంది. మనిషికి ఆ గోళ్ళు అలవాట్లే. అలవాటు లేని ఆవేశం ఎంత గట్టిదైనా జారిపోతుంది.

నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. బట్టల షాపులో పని, రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉండాలి. ఆడపిల్లలకు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. మొదటి రోజు ఆ పిల్ల సగం నడిచి, సగం పరుగెత్తి 13 నిమిషాల పైన తీసుకుంది. రోజూ రాలేనని ముందే చెప్పింది. వారానికి నాలుగు రోజులు అని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ నాలుగు రోజులు మాత్రం ఏడు నెలల్లో తప్పింది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుంది. తేదీ, ఎన్ని నిమిషాలు, ఒళ్ళు ఎలా ఉంది, అంతే. నాలుగో నెలలో ఆరు వారాల పాటు టైమ్ ఒక్క సెకను కూడా తగ్గలేదు. ఒక రోజు గ్రౌండ్ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను ఏమీ చెప్పలేదు, ఆ నోట్‌బుక్ తీసి మొదటి పేజీ చూపించాను. 13 నిమిషాలు అని ఆమె చేతి రాతే. ఆ రోజు 11 నిమిషాల 20 సెకన్ల దగ్గర ఉంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈవెంట్స్‌లో 10 నిమిషాల 5 సెకన్లు. ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. అదే బ్యాచ్‌లో మొదటి వారం అందరికన్నా ముందున్న ఒక బలమైన కుర్రాడు నెల తిరక్కుండా మానేశాడు. అతనికి పట్టుదల లేదని నేను అనను. అతని పట్టుదలకు రోజూ ఒక గెలుపు కావాలి, అది దొరకని రోజు నిలబడలేకపోయాడు.

మన పక్కనే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కంచు పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తబోయారు, అది నిలవలేదు. నిలిచి ఉంటే బంగారమే. ఆ చివరి క్షణంలో ఆమెకు పట్టుదల తగ్గిందని ఎవరైనా అనగలరా? ఎంత పట్టుదల ఉన్నా ఒక్కోసారి బరువు నిలవదు. పతకం మాత్రం అప్పటికే ఎత్తిన 110, 130 వల్ల వచ్చింది. వాటి వెనక ఎన్నో ఏళ్ల ఉదయాలున్నాయి.

బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ గారి సంగతి కూడా నీకు పనికొస్తుంది. 1994లో ఆటలో మోకాలు దెబ్బతింది. ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. ఎగిరి స్మాష్ కొట్టే ఆటగాడికి మోకాలు పోతే ఏముంటుంది? 2001లో ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయ్యారు, 1980లో ప్రకాశ్ పదుకోణ్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన రెండో భారతీయుడు. ఆ ఏడేళ్లలో టీవీలో కనిపించిన మ్యాచ్‌లు కొన్నే. మిగిలిందంతా ఫిజియో చెప్పిన అదే వ్యాయామం, అదే కాలు, మళ్ళీ మళ్ళీ. ఆపరేషన్ అయిన కాలును పైకెత్తి పది లెక్కపెట్టి దించే పనిలో ఎవరికీ వీరత్వం కనిపించదు. పెద్ద గెలుపులు చాలావరకు అలాంటి పనుల మీదే నిలబడి ఉంటాయని నా నమ్మకం.

సరే, నువ్వు చేయాల్సిన పని. ప్రాక్టీస్‌లో 8 నిమిషాలకు వస్తే చాలదు, 7 నిమిషాల 40 సెకన్లు రావాలి. ఎందుకంటే ఆ రోజు గంటల తరబడి లైన్లో నిలబెడతారు, సర్టిఫికెట్లు చూస్తారు, ఎత్తు, ఛాతీ కొలుస్తారు, ఎండెక్కుతుంది, టెన్షన్‌తో నిద్ర కూడా పట్టి ఉండదు. ఇదంతా కలిసి పది పదిహేను సెకన్లు తినేస్తుంది. అది ముందే లెక్కలో వేసుకో.

మొదటి నెల గడియారం వైపు చూడకు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలతో మొదలుపెట్టి నెలాఖరుకి 35 నిమిషాల దాకా నెమ్మదిగా పరుగెత్తు. ఎంత నెమ్మదిగా అంటే పక్కవాడితో మాట్లాడగలగాలి. ఆయాసంతో మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. అవసరమైతే మధ్యలో నడువు, సిగ్గు లేదు. తారు రోడ్డు వదిలి మట్టి గ్రౌండ్ చూసుకో. ఇది బోరు కొడుతుందని నాకు తెలుసు. నా దగ్గర మానేసినవాళ్ళలో ఎక్కువ మంది ఈ నెలలోనే మానేశారు, అలసిపోయి కాదు, "ఇంత తేలిగ్గా చేస్తే ఏం వస్తుంది" అనుకుని. 1600 మీటర్ల పరుగులో ఎక్కువ భాగం నడిపించేది గాలి అందే శక్తే. దానికి పునాది పడేది ఈ నెమ్మది పరుగులోనే.

రెండో నెల నుంచి ఆ నాలుగు రోజుల్లో ఒక రోజు 400 మీటర్లు ఆరుసార్లు పరుగెత్తు, ఒక్కోటి 1 నిమిషం 55 సెకన్లకు, మధ్యలో రెండు నిమిషాలు నడక. 1:40కి వచ్చేసిందని మురిసిపోకు, అది తప్పు కిందే లెక్క. ఆరోది కూడా 1:55కే రావాలి, అప్పుడే నువ్వు పాఠం నేర్చుకున్నట్టు. కొన్ని వారాలకు ఎనిమిది సార్లకు పెంచు. మూడో నెలలో దానికి బదులు 800 మీటర్లు రెండుసార్లు, ఒక్కోటి 3 నిమిషాల 50 సెకన్లకు, మధ్యలో ఐదారు నిమిషాలు విరామం. పూర్తి 1600 టైమ్ పెట్టి చూసుకునేది మూడు వారాలకు ఒక్కసారే. అంతకు మించి వద్దు.

ఇంకో చిన్న లెక్క చాలామంది మరిచిపోతారు. ట్రాక్ మీద ఒక లేన్ వెడల్పు 1.22 మీటర్లు. గుంపులో ఇరుక్కుని పరుగంతా లోపలి లేన్‌కు బదులు రెండో లేన్‌లో తిరిగితే, రౌండ్‌కు ఏడున్నర మీటర్లు అదనంగా పరుగెత్తినట్టు. నాలుగు రౌండ్లకు 30 మీటర్లు. నీ వేగానికి అది 9 సెకన్ల పైమాటే. నీకు ఎక్కువ పట్టింది 20 సెకన్లే. ముందువాణ్ణి దాటాలంటే వంపులో దాటకు, తిన్నగా ఉన్న చోట దాటు. వంపులో లోపలి గీతను అంటిపెట్టుకుని వెళ్ళు.

తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు. ఖరీదైన పౌడర్లు అక్కర్లేదు. ఉదయం చోడి (రాగి) అంబలి, అన్నం, పప్పు, గుడ్డు, వేరుశనగలు, అరటిపండు చాలు. నిద్ర ఏడు గంటలకు తగ్గితే మాత్రం ఏ ప్లానూ పనిచేయదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి నాలుగున్నరకి లేచి పరుగెత్తడాన్ని పట్టుదల అని మాత్రం అనుకోకు.

చివరగా, నువ్వు నేరుగా అడగలేదు గానీ నీ ప్రశ్న వెనక అది కనబడింది. ఎంతకాలం ప్రయత్నించాలి? వయోపరిమితి ఉంది, ఇంటి పరిస్థితి ఉంది. దీనికి నా దగ్గర అందరికీ సరిపోయే జవాబు లేదు. నేను చూసింది చెబుతాను. నా దగ్గర మూడేళ్లు పరుగెత్తిన ఒక కుర్రాడు ఉండేవాడు. నిజాయితీగా చేశాడు, నోట్‌బుక్ నిండిపోయింది. వేగం మాత్రం ఒక చోట ఆగిపోయింది. కానీ ఎంత దూరమైనా అలసిపోకుండా వెళ్ళేవాడు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు మగవాళ్ళకు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్ల నడక పరీక్ష ఉంటుంది. ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ నోట్‌బుక్ తిరగేస్తుంటే ఆ సంగతి తట్టింది. దానికి తయారయ్యాడు, నడక అవలీలగా పూర్తి చేశాడు, ఉద్యోగం వచ్చింది. అతను పోలీసు లక్ష్యం వదిలేశాడని ఊళ్ళో కొందరు అన్నారు. నా కళ్ళకు అతను ఏదీ వదల్లేదు. పట్టు అలాగే ఉంది, పట్టుకున్న చోటు మారింది.

నీ విషయంలో ఆ నిర్ణయానికి ఇంకా సమయం రాలేదు. ఎందుకంటే నువ్వు సరైన పద్ధతిలో ఒక్కసారి కూడా ప్రయత్నించలేదు. రెండుసార్లు ఓడిపోయానని నువ్వు అనుకుంటున్నావు, నా లెక్కలో నువ్వు ఇంకా మొదలే పెట్టలేదు. తర్వాతి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా మూడు నెలలు ఇలా చెయ్యి. అప్పటికీ 8 నిమిషాల 10 సెకన్ల దగ్గరే ఉంటే, అప్పుడు మాట్లాడుకుందాం, వేరే దారి కూడా చూద్దాం.

నాన్నగారి మాట మనసులో పెట్టుకోకు. ఆయన గ్రౌండ్‌కి రాలేదు, నీ చివరి రౌండ్ చూడలేదు. ఆయనకు కనబడింది ఫలితం ఒక్కటే. నోట్‌బుక్ పెట్టుకున్నాక ఒక నెల ఆగి, దాన్ని ఆయన చేతికివ్వు. వివరించాల్సిన పని లేదు, చదువుకుంటారు.

రేపు ఉదయం ఒక పని చెయ్యి. పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కాక, ఒకే ఒక్క రౌండ్ సరిగ్గా 2 నిమిషాలకు పరుగెత్తడానికి ప్రయత్నించు. గడియారం చూసుకోకుండా, ఒంటితో అంచనా వేసుకుంటూ. ఫ్రెండ్‌ను టైమ్ నొక్కమను. మొదటిసారి నీకు 1:38 వస్తుందని నా అంచనా. కాసేపు నడిచి మళ్ళీ ప్రయత్నించు. 1:58కీ 2:02కీ మధ్య వచ్చేదాకా ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టి నాకు రాయి.